పది వేల లీటర్ల తొట్టిలో 300 కిలోల చేప: ఈ లెక్క నిజమేనా?

కొత్తవల
చెరువు తవ్వక్కర్లేదు, టార్పాలిన్ తొట్టి చాలు, 10,000 లీటర్ల నీళ్లలో 300 కిలోల చేప తీయొచ్చని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. అదే మనిషి పావుగంట తర్వాత చెరువుల దగ్గరికి వచ్చి, ఎకరానికి రెండు టన్నులు వస్తే మంచి దిగుబడే అన్నాడు. ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. ఎకరంలో అయిదడుగుల నీళ్లంటే సుమారు 60 లక్షల లీటర్లు. అంటే చెరువులో కిలో చేపకి 3,000 లీటర్లు. తొట్టిలో 33 లీటర్లు. తొంభై రెట్లు తేడా! ఫోన్ చేసి అడిగితే "అదే బయోఫ్లాక్ టెక్నాలజీ అండీ" అని తేల్చేశాడు. చేప అదే, నీళ్లూ అవే. మరి ఆ తొంభై రెట్లు ఎక్కడినుంచి వచ్చాయి? మంత్రాలు కాకుండా మామూలు మాటల్లో ఎవరైనా చెప్పండి.

మొప్ప
తొంభై రెట్లు ఆయన ఫీజులోంచి వచ్చాయి.

చెరువుగట్టు
అబద్ధం అనను. వస్తాయి, చూశాను. కాకపోతే ఆ 300 కిలోలు నీళ్ల మీద బతకవు, కరెంటు మీద బతుకుతాయి. చెరువులో చేప బతికేది ఎండ మీద. తేడా అంతా అక్కడుంది.

బుడగబాబు
నేను తొట్లు నడుపుతున్నవాణ్ణి, కొన్నేళ్లయింది. చెరువుగట్టు అన్న చెప్పింది సగం నిజం. కరెంటు ఒక్కటే కాదు, నీళ్లలో బ్యాక్టీరియాని కూడా పెంచాలి. చేపల పెంపకం అంటే చేపకి మేత వేయడమే అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. రోజులో పది నిమిషాలు మేతకి పోతుంది, మిగతా టైమంతా నీళ్లతోనే సరిపోతుంది.

లెక్కలమాస్టారు
కొత్తవల గారి లెక్క సరైనదే. దాన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం.

30 డిగ్రీల వేడిలో ఉన్న మంచినీళ్లు లీటరుకి 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మించి పట్టుకోలేవు. చల్లబడితే కొంచెం ఎక్కువ, 20 డిగ్రీల దగ్గర 9 వరకూ. లీటరు గాలిలో ఉండేది దాదాపు 280 మిల్లీగ్రాములు. మనం పీల్చే దానిలో నలభయ్యో వంతుతో చేప బండి లాగించాలి.

ఇప్పుడు తొట్టి. వేడి నీళ్లలో, మేత తింటున్న మామూలు సైజు చేప కిలోకి గంటకి సుమారు 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ వాడుతుంది. జాతిని బట్టి, సైజుని బట్టి అటూ ఇటూ ఉంటుంది. 300 కిలోలంటే గంటకి 90 గ్రాములు. తొట్టి నీళ్లలో లీటరుకి 6 మిల్లీగ్రాములు ఉందనుకుంటే మొత్తం నిల్వ 60 గ్రాములు. 2 కిందకి పడితే చేప ప్రమాదంలో పడ్డట్టే కాబట్టి వాడుకోదగ్గది 40 గ్రాములే. గాలి మిషన్ ఆగిన అరగంటలోపు ఆ 40 అయిపోతుంది. నీళ్లలోని బ్యాక్టీరియా కూడా పీలుస్తుంది కాబట్టి నిజానికి ఇంకా ముందే.

అదే ఎకరం చెరువులో రెండు టన్నుల చేప గంటకి 600 గ్రాములు వాడుతుంది. నీళ్లలో 36 కిలోలు నిల్వ ఉంది. చేపలొక్కటే పీల్చేట్టయితే వాడుకోదగ్గ నిల్వ 40 గంటలు వస్తుంది.

కొత్తవల
అరగంటా? తరగతిలో ఈ మాట ఎవరూ అనలేదే. జనరేటర్ ఉంటే మంచిదని ఒక ముక్క అన్నారంతే.

మొప్ప
అన్నంలో ఉప్పు ఉంటే మంచిది అన్నట్టా?

బుడగబాబు
మాస్టారి లెక్కకి నాది చిన్న సవరణ. మేత వేసిన తర్వాత రెండు మూడు గంటలు చేప ఎక్కువ పీలుస్తుంది. ఖాళీ కడుపుతో ఉంటే చాలా తగ్గుతుంది. అందుకే కరెంటు మీద అనుమానం ఉన్న రోజు మేత ఆపేస్తాం, కాస్త టైం దొరుకుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, కరెంటు పోయిన క్షణంలో దానంతటదే ఆన్ అయ్యేలా, ప్రతి తొట్టికీ ఉండాల్సిందే. జనరేటర్ ఉంది కదా అని నిద్రపోతే, దాన్ని స్టార్ట్ చేయాల్సిన మనిషి కూడా నిద్రపోతాడు.

చెరువుగట్టు
మాస్టారూ, చెరువుకి 40 గంటలని రాసి జనాన్ని పడుకోబెట్టకండి. చెరువులో ఎక్కువ పీల్చేది చేప కాదు. పచ్చగా కనపడే ఆ ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నటి నాచు), అడుగు బురద, ఈ రెండూ కలిసి చేపల కన్నా ఎన్నో రెట్లు లాగుతాయి. పగలు ప్లాంక్టన్ ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది, మధ్యాహ్నం మీటరు పెడితే 10, 12 కూడా చూపిస్తుంది. పొద్దు గూకితే తయారీ ఆగుతుంది, పీల్చడం ఆగదు. రాత్రంతా దిగుతూ దిగుతూ తెల్లవారుజామున అట్టడుగుకి చేరుతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది ఆ వేళకే. చావులు కూడా ఆ వేళకే. మధ్యాహ్నం కొలిచి "డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బ్రహ్మాండం" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తామరాకు
నేను ఫిషరీస్ చదువుతున్నాను. లెక్కలమాస్టారు గారు 36 కిలోల నిల్వ అన్నది మొత్తం నీళ్లు కలిసిపోయి ఉంటేనే కదా? ఎండాకాలం లోతైన చెరువులో పైన వేడి పొర, కింద చల్లటి పొర విడిపోతాయి. అడుగున దాదాపు సున్నా ఉంటుంది. పైనుంచి ఒక్కసారి పెద్ద వాన పడితే ఆ చల్లటి వాన నీళ్లు కిందకి దిగి అడుగు నీళ్లని పైకి తెస్తాయి. ఉన్నదంతా కలిపి చూస్తే చేపకి చాలనంతే మిగులుతుంది.

చెరువుగట్టు
అవును తల్లీ, వాన పడగానే చేప పోయిందని పిడుగు మీద నేరం మోపేది అందుకే.

మా గట్టు పక్క చెరువు ఒకటుండేది. ఆయనకి నీళ్లు ఎంత పచ్చగా ఉంటే అంత గొప్ప. ఎరువు మీద ఎరువు. చెయ్యి మోచేతిదాకా ముంచితే వేళ్లు కనపడేవి కావు. మబ్బు పట్టి రోజుల తరబడి ఎండ లేదు. ఒక పొద్దున చూస్తే నీళ్ల రంగు విరిగి గోధుమ రంగులోకి వచ్చింది. ప్లాంక్టన్ మొత్తం ఒక్కసారి చచ్చిపోయింది. బతికున్నది తయారు చేయడం ఆగింది, చచ్చింది కుళ్లడానికి ఉన్న ఆక్సిజన్ లాక్కుంది. ముందు పోయినవి పెద్ద చేపలే.

నీళ్లలోకి తెలుపు నలుపు సెక్కీ పళ్లెం దించితే 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య మాయమవ్వాలి. 20 లోపే మాయమైతే ఎరువు ఆపాలి, మేత తగ్గించాలి, రాత్రి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ తిప్పాలి.

జలపుష్పం
చేపలు తేలితే పొటాషియం పర్మాంగనేట్ కొడితే ఆక్సిజన్ వస్తుందంటారు. మా వైపు అందరూ అదే చేస్తారు.

తామరాకు
రాదండీ. చెప్పుకోదగ్గంత ఆక్సిజన్ అందులోంచి నీళ్లలోకి రాదు. పైగా ఎక్కువ వేస్తే ప్లాంక్టన్‌ని చంపుతుంది, చెరువుగట్టు గారు చెప్పిన కథే మళ్లీ మొదలవుతుంది. చేపలు తేలిన టైంలో ఏరియేటర్, లేదా పంపుతో నీళ్లు పైకి చిమ్మడం, లేదా బయటినుంచి మంచి నీళ్లు పెట్టడం. ఈ మూడే.

జలపుష్పం
మేం కొట్టిన ప్రతిసారీ చేపలు కుదురుకున్నాయి మరి.

చెరువుగట్టు
కొట్టేసరికి ఏడు అయ్యుంటుంది. ఎండ వచ్చింది, ప్లాంక్టన్ పని మొదలెట్టింది. పేరు మందుకి పోయింది.

కొత్తవల
ఆక్సిజన్ సంగతి అర్థమైంది. గాలి మిషన్లు నమ్మకంగా ఉంటే ఆ తొంభై రెట్లు వచ్చేసినట్టేనా? బుడగబాబు గారు బ్యాక్టీరియా అన్నారు, అదెందుకు?

లెక్కలమాస్టారు
వచ్చేసినట్టు కాదు. ఇక్కడ రెండో గోడ ఉంది: అమ్మోనియా.

32 శాతం ప్రోటీన్ ఉన్న మేత కిలో తీసుకోండి. ప్రోటీన్ 320 గ్రాములు, అందులో ఆరో వంతు కాస్త తక్కువగా నైట్రోజన్, అంటే 51 గ్రాములు. చేప ఒంట్లో కండగా నిలిచేది పావు వంతు నుంచి మూడో వంతు లోపు. మలంలో పోయేది కూడా కలిపి 36 గ్రాముల దాకా తిరిగి నీళ్లలోకే వస్తుంది. ఎక్కువ భాగం మొప్పల గుండా నేరుగా అమ్మోనియాగా.

300 కిలోల చేపకి బరువులో 2 శాతం చొప్పున రోజుకి 6 కిలోల మేత. అంటే 216 గ్రాముల నైట్రోజన్. పది వేల లీటర్లలో పరిస్తే లీటరుకి 21 మిల్లీగ్రాములు, అదీ రోజుకి! ఎకరం చెరువులో రెండు టన్నుల చేపకి 40 కిలోల మేత వేసినా లీటరుకి పావు మిల్లీగ్రాము కూడా దాటదు. దాన్ని ప్లాంక్టన్ ఎరువుగా తినేస్తుంది. తొట్టిలో తినేవాడు ఎవడు? ఎవడో ఒకణ్ణి మనమే పెంచి పెట్టాలి. బయోఫ్లాక్, ఆర్‌ఏఎస్ (అవే నీళ్లని శుభ్రం చేసి మళ్లీ తిప్పే పద్ధతి), ఇవన్నీ ఆ తినేవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలన్న దానికి వేర్వేరు జవాబులు.

బుడగబాబు
ఆర్‌ఏఎస్‌లో ఆ బ్యాక్టీరియా వేరే ట్యాంకులో, ప్లాస్టిక్ ముక్కల మీద ఉంటుంది. మలాన్ని ముందే జల్లెడ పట్టి తీసేస్తారు. బయోఫ్లాక్‌లో అన్నీ చేపతోపాటే, అదే నీళ్లలో తిరుగుతుంటాయి.

పద్ధతి ఇది. బెల్లమో మొలాసిస్సో పిండో వేస్తే, బ్యాక్టీరియా ఆ కార్బన్ తిని, ఒళ్లు కట్టుకోవడానికి నీళ్లలోని అమ్మోనియాని లాక్కుంటుంది. యోరామ్ అవ్నిమెలెక్ అనే శాస్త్రవేత్త వేసిన లెక్క ప్రకారం గ్రాము నైట్రోజన్‌కి 20 గ్రాముల పిండి పదార్థం కావాలి. మాస్టారి 216 గ్రాములకి రోజుకి 4 కిలోల పైచిలుకు! చాలామంది ఇది చదివి పంట చివరిదాకా బెల్లం పోస్తూనే ఉంటారు. బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి నీళ్లు బురదవుతాయి, మొప్పలు పూడుతాయి, ఆక్సిజన్ అంతా అదే తాగేస్తుంది.

బెల్లం ఎక్కువగా కావాల్సింది మొదట్లోనే. కొన్ని వారాలకి నైట్రిఫై చేసే బ్యాక్టీరియా కుదురుకుంటుంది, అది అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దానికి బెల్లం అక్కర్లేదు, ఆక్సిజన్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే గుణం) కావాలి. ఆల్కలినిటీని తినేస్తుంది కాబట్టి సోడా బైకార్బొనేట్ వేస్తుండాలి. ఇమ్‌హాఫ్ కోన్ అని అడుగు సన్నగా ఉండే గాజు గరాటా దొరుకుతుంది, అందులో లీటరు నీళ్లు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచితే ఫ్లాక్, అంటే బ్యాక్టీరియా ముద్దలు, అడుగుకి దిగుతుంది. తిలాపియాకి 25 నుంచి 50 మిల్లీలీటర్లు చాలు. అది దాటితే తీసి పారబోయాలి. పారబోయడానికి మనసొప్పక మునిగినవాళ్లు చాలామంది.

మొప్ప
చేపల పెంపకం అని పిలిచి చివరికి సూక్ష్మజీవుల పెంపకం నేర్పిస్తున్నారు. చేప ఎప్పుడొస్తుందండీ ఈ కథలోకి?

పిల్లలతొట్టి
అదే నేనూ చూస్తున్నా. హ్యాచరీలో పని చేస్తాను. అందరూ నీళ్ల గురించే మాట్లాడుతున్నారు, చేపపిల్ల ఎక్కడినుంచి వస్తుందో ఎవరికీ పట్టదు.

బొచ్చె, శీలావతి, మోసు లాంటివి చెరువులో పెరుగుతాయి కానీ గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీళ్లు కావాలి. అందుకని ఒకప్పుడు వరదల్లో నదుల దగ్గర పిల్లని వలతో పట్టేవారు. వల్లో ఏ జాతి పడిందో పెరిగాక గాని తెలిసేది కాదు. 1930ల్లో బ్రెజిల్‌లో రొడోల్ఫో వాన్ ఇహెరింగ్ చేపల పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. మన కార్పు చేపల మీద అది 1957లో హీరాలాల్ చౌధురి చేతిలో ఫలించింది. ఇప్పుడు గ్రంథులు తీసే పని తగ్గింది, తయారు హార్మోన్ సూది సాయంత్రం వేస్తే తెల్లారేలోపు గుడ్లు. గుండ్రటి తొట్టిలో నీళ్లు తిరుగుతుంటే 14 నుంచి 18 గంటల్లో పొదుగుతాయి.

కిలో బరువున్న శీలావతి తల్లి రెండు లక్షలకి పైగా గుడ్లు పెడుతుంది. వినడానికి బాగుంటుంది. మూడు రోజులు ఒంట్లో పచ్చసొన మీద బతికాక ఆ పిల్లకి నోరు తెరుచుకుంటుంది, అప్పుడు నోట్లో పట్టేంత చిన్న రోటిఫర్లు అనే జీవులు నీళ్లలో ఉండాలి. ముందే వదిలితే మేత లేదు. ఆలస్యంగా వదిలితే నోటోనెక్టా అని వెల్లకిలా ఈదే పురుగు ఉంటుంది, అది ఒక్కొక్కదాన్నీ పట్టి పీల్చేస్తుంది. సబ్బు కలిపిన నూనె నీళ్ల మీద పలచగా పరిస్తే పురుగులు పైకొచ్చి గాలి పీల్చలేక చస్తాయి. ఇన్ని చేసినా స్పాన్ (అప్పుడే పొదిగిన పిల్ల) నుంచి అంగుళం పిల్లయ్యేసరికి సగం మిగిలితే మంచి నర్సరీ అంటాం. కొత్తవల గారూ, స్పాన్ చవక అని కొనకండి. వేలెడంత పిల్ల కొనండి.

కొత్తవల
కొన్నాక సంచిలో ఎంతసేపు ఉంటాయి? తెచ్చిన రోజే చాలా చచ్చాయని ఒకాయన చెప్పాడు.

పిల్లలతొట్టి
సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. పట్టే ముందు రోజు నుంచి మేత ఆపాలి, లేదంటే దారిలో మలం, అమ్మోనియా. తెచ్చాక సంచి కట్టు విప్పకుండా తొట్టి నీళ్ల మీద తేలేయండి, వేడి సమానం అవుతుంది.

విప్పాక మాత్రం గంటలు గంటలు నానబెట్టొద్దు. మూసిన సంచిలో పిల్ల వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉండి అమ్మోనియా పెద్దగా హాని చేయదు. విప్పగానే ఆ గ్యాస్ ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా ఊరుకున్న అమ్మోనియా విషమవుతుంది. కాస్త తొట్టి నీళ్లు కలిపి, త్వరగా పిల్లని వదిలేయాలి.

తామరాకు
చెరువులో టెస్ట్ కిట్ అయోమయం కూడా ఇక్కడిదే. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. విషం అందులో ఒక భాగమే. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే నూటికి ఒకటి కూడా విషరూపంలో ఉండదు. 8 దగ్గర ఆరేడు. 9 అయితే నలభై. అందుకే కిట్‌లో 2 చూపించినా ఒకరి చేపలు హాయిగా తిరుగుతుంటాయి, ఇంకొకరివి మధ్యాహ్నానికి మేత మానేస్తాయి.

చెరువుగట్టు
పచ్చ నీళ్ల చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే, ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది కదా. ఆ వేళకి అమ్మోనియా ఉందని కంగారుపడి కాల్చిన సున్నం కొడతారు! పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. కాల్చిన సున్నం ఖాళీ చెరువు అడుగుకి. చేప ఉన్న చెరువుకి మామూలు సున్నపురాయి పొడి. అది పీహెచ్‌ని ఎనిమిదిన్నర దగ్గరికి మించి పోనివ్వదు, ఆల్కలినిటీ పెంచి పగటికీ రాత్రికీ ఊగులాట తగ్గిస్తుంది.

అలలఅంచు
ఆలస్యంగా చూశాను. నేను సముద్రంలో సాల్మన్ పంజరాల దగ్గర పనిచేశాను. మీరంతా చెప్పే గాలి, బ్యాక్టీరియా, ఇవేవీ మాకు లేవు. అలలు, ఆటుపోట్లు వల గుండా నీళ్లు మారుస్తాయి. ఆక్సిజన్ సముద్రమే తెస్తుంది, అమ్మోనియా అదే తీసుకుపోతుంది. అలాంటి చోట కూడా నార్వే నిబంధన వెయ్యి లీటర్లకి 25 కిలోలు దాటకూడదు. కొత్తవల గారికి చెప్పిన తొట్టి 30. నిత్యం నీళ్లు మారే సముద్రంలో అనుమతించే దాని కన్నా, కదలని టార్పాలిన్‌లో కొత్తవాడు ఎక్కువ పెట్టాలన్నమాట!

బుడగబాబు
జాతులు వేరు అన్నా. సాల్మన్ చల్లటి నీళ్ల చేప, ఆక్సిజన్ విషయంలో బహు సుకుమారం. తిలాపియా తక్కువతో సర్దుకుంటుంది. పంగాసియస్, కొరమీను పైకొచ్చి గాలే పీల్చుకుంటాయి. వాటితో 30 పెద్ద సంగతి కాదు. కానీ మొదటి పంటకి 30 అని చెప్పినవాడు తప్పు చెప్పాడు, అందులో నాకు అనుమానం లేదు.

అలలఅంచు
గాలి పీల్చే చేపకి ఆక్సిజన్ గొడవ తప్పుతుంది, అమ్మోనియా గొడవ తప్పదుగా.

బుడగబాబు
తప్పదు. ఒప్పుకుంటా.

మొప్ప
సముద్రం అన్నీ తీసుకుపోతుంది అన్నారు. ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పలేదు.

అలలఅంచు
పంజరం కింద అడుగున పేరుకుంటుంది. అందుకే పంట అయ్యాక ఆ చోటుని కొన్నాళ్లు ఖాళీగా వదలాలి. దానికన్నా పెద్ద తలనొప్పి సముద్రపు పేను, సాల్మన్ చర్మం తిని బతుకుతుంది. దాన్ని ఏరుకు తినడానికి రాస్, లంప్‌ఫిష్ అనే చేపల్ని పంజరంలోకి వదులుతారు. వాటి సంరక్షణ మళ్లీ ఇంకో ఉద్యోగం.

జలపుష్పం
ఇంకో మాట. సాల్మన్‌కి చేపపొడి తినిపించే కదా పెంచేది? చిన్న చేపని చంపి పెద్ద చేపని పెంచడం. దీన్ని ఉత్పత్తి అంటారా?

లెక్కలమాస్టారు
ప్రశ్న న్యాయమైనదే, కానీ అన్ని చేపలకీ వర్తించదు. సాల్మన్ మాంసాహారి. ఇప్పుడు దాని మేతలో సోయా లాంటి మొక్కల సరుకే ఎక్కువ, చేపపొడి వాటా బాగా తగ్గింది, పోలేదు. కార్పులకి తౌడు, నూనె తీసిన చెక్క చాలు. వెండిచేప (సిల్వర్ కార్ప్) అయితే ప్లాంక్టన్ వడగట్టుకుని బతికేస్తుంది. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్కల్లో 2022లో మొదటిసారి వేటలో దొరికిన జలజీవుల కన్నా పెంచినవి ఎక్కువయ్యాయి, 51 శాతం. అందులో కార్పుల వాటా చాలా పెద్దది.

కొత్తవల
మేత కంపెనీ కాగితంలో ఎఫ్‌సీఆర్ (కిలో చేపకి పట్టే మేత) 1.2 అని ఉంది. కిలో 200 గ్రాముల మేతకి కిలో చేప ఎలా వస్తుంది? మిగతా అంతా మలం, అమ్మోనియా అని మీరే అన్నారుగా.

లెక్కలమాస్టారు
మేత ఎండుది, చేప తడిది. చేపలో 70 శాతం పైన నీళ్లే. ఎండుకి ఎండు పోల్చితే 1,100 గ్రాముల మేతకి వచ్చింది 300 గ్రాములు లోపు. అయినా కోడి కన్నా, గొర్రె కన్నా నయమే. ఒంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు, నీళ్లు మోస్తాయి కాబట్టి నిలబడే ఖర్చు లేదు, నైట్రోజన్‌ని యూరియాగా మార్చే ఖర్చు కూడా లేదు, అమ్మోనియాగానే వదిలేస్తుంది. కానీ కంపెనీ 1.2 వాళ్ల తొట్టిలోది. చెరువులో తినకుండా అడుగుకి చేరింది కూడా మీ ఖాతాలోకే, 1.5 పైనే వేసుకోండి. తౌడు మేత అయితే ఇంకా చాలా ఎక్కువ.

చెరువుగట్టు
పెట్టినంతా తిన్నాయా లేదా అన్నది చూడకుండా కొలత చార్టు పట్టుకుని వేసేవాళ్లే ఎక్కువ. మబ్బు రోజు సగం వెయ్యి. తెల్లారి చేప తేలిన రోజు అసలు వెయ్యకు. నెలకోసారి వల లాగి కొన్నిటిని తూచితే గాని చెరువులో ఎంత బరువుందో తెలియదు. తెలియకపోతే ఆ 2 శాతం దేనికి 2 శాతం?

జలపుష్పం
తిలాపియాకి మగ హార్మోన్ కలిపిన మేత పెడతారట, అది తిన్నవాళ్లకి ఏమీ కాదా? దీని మీద ఎవరూ మాట్లాడరేం?

పిల్లలతొట్టి
మాట్లాడదాం. తిలాపియా చిన్న వయసులోనే గుడ్లు పెట్టేస్తుంది, తల్లి నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. అన్నీ కలిసి ఉంటే కొన్ని నెలల్లో చెరువు నిండా వేలెడు చేపలే, అమ్మకానికి పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. అందుకే అన్నీ మగవి కావాలి. పొదిగిన తర్వాత మూడు, నాలుగు వారాలు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెడతారు. అప్పటికి పిల్ల గ్రాము కూడా ఉండదు. తర్వాత నెలల తరబడి మామూలు మేత, బరువు కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. తినే వేళకి ఒంట్లో ఆ హార్మోన్ మిగలదు. నా భయం తినేవాళ్ల గురించి కాదు, ఆ మేత చేత్తో కలిపే పనివాళ్ల గురించి. గ్లోవ్స్, మాస్క్ లేకుండా కలిపిస్తున్న చోట్లు చూశాను. ఆ తొట్టి నీళ్లు నేరుగా కాలవలోకి వదలడం కూడా తప్పే.

జలపుష్పం
సరే, ఈ జవాబు నచ్చింది. పర్మాంగనేట్ సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

కొత్తవల
నేను ఒక తొట్టితో మొదలుపెడదామనుకుంటున్నాను. 300 కిలోలు వదిలేశాను. ఎంత పెట్టుకోవాలి?

బుడగబాబు
పట్టుబడి నాటికి 100 కిలోలు లక్ష్యంగా పెట్టుకో తమ్ముడూ, అంటే వెయ్యి లీటర్లకి 10. కరెంటు పోతే గంట పైన టైం ఉంటుంది. పిల్లని వేసే ముందే నీళ్లని తయారు చెయ్యి. నడుస్తున్న తొట్టిలోంచి ఒకటి రెండు బకెట్ల ఫ్లాక్ నీళ్లు తెచ్చి పోస్తే కుదురుకోవడానికి పట్టే టైం బాగా తగ్గుతుంది. ఆ తొట్టిలో రోగం లేదని చూసుకుని తెచ్చుకో. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా పొడులకి డబ్బులు తగలెయ్యకు.

తొట్టి మొదలైన మూడో వారం నుంచి ఆరో వారం మధ్య నైట్రైట్ ఒక్కసారి లేస్తుంది. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ముందు పెరుగుతుంది, నైట్రైట్‌ని తినేది వెనక వస్తుంది. ఆ మధ్యలో చేప మొప్పలు గోధుమ రంగుకి తిరుగుతాయి. నైట్రైట్ రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండా ఉన్నా చేపకి ఊపిరాడదు. ఆ రోజుల్లో మేత బాగా తగ్గించి, ఉప్పు వెయ్యి.

కొత్తవల
మామూలు ఉప్పేనా? ఎంత? "కొద్దిగా" అని మాత్రం చెప్పకండి, శిక్షణలో అంతా కొద్దిగానే.

లెక్కలమాస్టారు
మామూలు ఉప్పే. పని చేసేది అందులోని క్లోరైడ్, నైట్రైట్‌ని మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. నైట్రైట్ నైట్రోజన్ ఎంత ఉందో దానికి పది రెట్లు క్లోరైడ్ ఉండాలి. కిట్‌లో లీటరుకి 5 మిల్లీగ్రాములు చూపిస్తే 50 కావాలి. పది వేల లీటర్లకి 500 గ్రాముల క్లోరైడ్. ఉప్పులో క్లోరైడ్ 60 శాతం కాబట్టి 830 గ్రాముల ఉప్పు.

తామరాకు
ఒక చిన్న విషయం మాస్టారూ. కొన్ని కిట్లు నైట్రైట్ అని చూపిస్తాయి, కొన్ని నైట్రైట్ నైట్రోజన్ అని. మొదటి రకం అయితే వచ్చిన అంకెని 3.3తో భాగించాకే ఈ లెక్క. కిట్ డబ్బా మీద ఏది రాసి ఉందో చూడమనండి. బోరు నీళ్లయితే క్లోరైడ్ ముందే ఉండొచ్చు, అది కొలిచి తక్కువైన మేరకే ఉప్పు వేస్తే సరిపోతుంది.